తిల్లీకి దెబ్బ తగిలితే ఆపరేషన్ తప్పదా?

బైక్ మీంచి పడి ఎడమ పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలితే లోపల ప్లీహం, అంటే తిల్లీ, చిట్లి రక్తం కారవచ్చు. కడుపునొప్పి, ఎడమ భుజం లాగడం, కళ్లు తిరగడం దీని గుర్తులు.

బీపీ నిలకడగా ఉంటే సీటీ స్కాన్ తీసి గాయం 1 నుంచి 5 వరకు ఏ గ్రేడో చూస్తారు. చాలామందికి ఆపరేషన్ లేకుండానే మానుతుంది. అవసరమైతే రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి రక్తస్రావం ఆపుతారు. రక్తం ఎక్కించినా బీపీ పడిపోతుంటే మాత్రం ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు.

‘ఊరికే పడుకోబెట్టారు’ అని పేషెంట్‌ను ఇంటికి తీసుకెళ్లిపోవద్దు. కనిపెట్టి చూడటమే ఇక్కడ వైద్యం. కొన్ని రోజుల తర్వాత కూడా మళ్లీ రక్తం కారవచ్చు.

తిల్లీ తీసేసినా బతకొచ్చు. కానీ న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు వేయించుకోవాలి. ఎన్నేళ్ల తర్వాతైనా జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.