మునిగిన బండికి కిక్కు కొడితే ఇంజనుకే ముప్పు

కొంపల్లి: 2020 అక్టోబరులో ఫాక్స్‌సాగర్ చెరువు పొంగి ఉమామహేశ్వర కాలనీ జలదిగ్బంధంలో చిక్కుకున్నప్పుడు ఇళ్ల ముందు నిలిపిన వాహనాలు నీట మునిగాయి. ఇలాంటి వేళ వరద కంటే, నీరు తగ్గగానే యజమానులు చూపే తొందరే ఇంజనుకు ఎక్కువ చేటు చేస్తుంది.

ఇంజను నడుస్తున్నంతసేపు సైలెన్సర్ నుంచి వెలువడే పొగ నీటిని కొంతవరకు బయటికి నెడుతుంది. నీటి మధ్య బండి ఆగిపోతే గొట్టంలోని వేడి వాయువులు చల్లబడి కుంచించుకుపోతాయి. ఆ ఖాళీలోకి నీరు చొరబడుతుంది. నీటిమట్టం ఇంకా పెరిగితే ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉన్న సిలిండర్‌లోకీ చేరగలదు. ఎయిర్ ఫిల్టర్ మునిగితే అటువైపు నుంచి ముప్పు మరీ ఎక్కువ. గాలిలాగా నీరు ఒత్తిడికి కుదించుకుపోదు. అందుకే స్టార్ట్ చేయగానే పిస్టన్ నీటికి అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మరపడవల్లో ఎగ్జాస్ట్ గొట్టాన్ని నీటిమట్టానికి పైగా హంసమెడలా వంచి కిందికి దించుతారు. ఇంజనును చల్లబరిచే నీటి గొట్టానికి గాలి పీల్చే వాల్వు అమర్చి సైఫన్‌ను తెంచుతారు. రోడ్డు మీద తిరిగే సాధారణ బండ్లకు ఆ ఏర్పాటు ఎక్కడిది?

వాన సూచన ఉన్నప్పుడే వాహనాన్ని మెరక ప్రాంతానికి చేర్చడం మేలు. మునిగితే బ్యాటరీ తీగ తప్పించాలి. మెకానిక్‌తో స్పార్క్ ప్లగ్గులు తీయించి, నీరు వెళ్లగొట్టి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి. ఆయిల్ పాలరంగుకు తిరిగితే లోపలికి నీరు చేరినట్టే. మునిగిన బండిని స్టార్ట్ చేయడంతో పాడైన ఇంజనుకు మామూలు సమగ్ర బీమా సాధారణంగా వర్తించదు. ఇంజను రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టి ఉండాలి.