పద్నాలుగో రోజు అందరికీ ఒకటి కాదు

పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకు ఎవరైనా మొదట చెప్పే లెక్క, నెలసరి మొదలైనప్పటి నుంచి పద్నాలుగో రోజు. నిజానికి ఆ లెక్క వెనక నుంచి వెయ్యాలి. జపాన్ వైద్యుడు క్యుసాకు ఒగినో 1924లో తేల్చింది ఇదే: అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి దాదాపు రెండు వారాల ముందు. ఆస్ట్రియాలో హెర్మన్ క్నౌస్ కూడా విడిగా పరిశోధించి ఇంచుమించు ఇదే చెప్పాడు. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారికి ముందు నుంచి లెక్కపెట్టినా, వెనక నుంచి లెక్కపెట్టినా పద్నాలుగే. 35 రోజులకు వచ్చేవారికి అది 21వ రోజు దగ్గర పడుతుంది. పద్నాలుగో రోజునే నమ్ముకుని ఆ తర్వాత ఊరుకుంటే అసలు రోజులు చేజారిపోతాయి. ఇందులో ఆ అమ్మాయిల తప్పేమీ లేదు, వాళ్లకు లెక్క చెప్పినవాళ్లు సగమే చెప్పారు.

ఒగినో లెక్కను లోకం ఎక్కువగా గర్భం రాకుండా ఉండటానికి వాడుకుంది. ఆయనకది నచ్చలేదు. సంతానం కోరుకునేవారికి ఉపయోగపడాలన్నదే ఆయన ఆశ.

విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు మాత్రం, స్రావం అనుకూలంగా ఉంటే, స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా నిలుస్తాయి. అందుకే అండం వచ్చాక వెతుక్కుంటూ వెళ్లడం కంటే వీర్యకణాలే ముందుగా చేరి కాచుకుని ఉండటం మేలు. అమెరికాలోని నార్త్ కరోలినాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల మూత్రాన్ని రోజూ పరీక్షించి చేసిన అధ్యయనం 1995లో వెలువడింది. గర్భాలన్నీ నిలిచింది ఆరు రోజుల వ్యవధిలో జరిగిన కలయికల వల్లే: అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు. అండం విడుదలైన మర్నాటి నుంచి ఆశ దాదాపు లేనట్టే.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. సరి రాత్రుల్లో కలిస్తే కొడుకు, బేసి రాత్రుల్లో అయితే కూతురు అని. ఈ మాట మనుస్మృతిలోనే కనిపిస్తుంది, గర్భాధాన ముహూర్తం చూసేటప్పుడు ఇప్పటికీ దీన్ని పట్టించుకునేవారున్నారు. పైన చెప్పిన అధ్యయనం బిడ్డ ఆడా మగా అన్నదాన్నీ చూసింది. కలిసిన రోజుకూ దానికీ సంబంధమేమీ కనబడలేదు.

అదే పరిశోధకులు 2000లో మరో సంగతి బయటపెట్టారు. ఆ ఆరు రోజులూ పూర్తిగా 10వ రోజుకూ 17వ రోజుకూ మధ్యే వచ్చినది సుమారు 30 శాతం మంది స్త్రీలకే! నెలసరి క్రమంగా వచ్చేవారిలోనూ తేడాలున్నాయి. క్యాలెండర్ మీద సున్నా చుట్టి పెట్టుకున్న ఆ ఒక్క రోజు గురించి భార్యాభర్తలు పడే ఆందోళన తలచుకుంటే బాధేస్తుంది. నెలసరి రక్తస్రావం ఆగాక రోజు విడిచి రోజు కలుస్తుంటే చాలు, ఏ తేదీ అన్న చింత అక్కర్లేదు. రోజుల తరబడి దూరంగా ఉండి వీర్యం కూడబెట్టాలన్నది కూడా అపోహే.

శరీరం ముందే సైగ చేస్తుంది. అండం విడుదలకు ముందు తెల్లబట్ట గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా, సాగేలా ఉంటుంది. పైసా ఖర్చు లేని గుర్తు ఇది. పొద్దున్నే లేవగానే చూసే ఉష్ణోగ్రత మాత్రం అండం విడుదలయ్యాకే కాస్త పెరుగుతుంది, అంటే జరిగిపోయిన సంగతి చెబుతుంది. మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ కిట్ మూత్రంలో ఎల్‌హెచ్ హార్మోన్ పెరగడాన్ని పట్టుకుంటుంది. అక్కణ్నుంచి ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం వస్తుంది. అండాశయాల సమస్య అయిన పీసీఓడీ ఉన్నవారిలో ఆ హార్మోన్ మామూలుగానే ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి గీత చూసి మోసపోయే వీలుంది. వాళ్లకు డాక్టర్ పర్యవేక్షణలో అండం ఎదుగుదలను చూసే ఫాలిక్యులర్ స్కానే నమ్మకం.

 

ఇక భర్త సంగతి. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. మొన్నటి గట్టి జ్వరం, మానని సిగరెట్టు ఇవాళ్టి వీర్యంలో కనబడతాయి. వీర్య పరీక్ష చాలా సులువు. అయినా మన ఇళ్లలో కోడలు ఆస్పత్రుల చుట్టూ ఎన్నాళ్లో తిరిగాక గానీ కొడుకును పరీక్షకు పంపరు. ఇది అన్యాయం. ఇద్దరినీ ఒకేసారి పరీక్షించాలి. భార్యకు 35 ఏళ్లలోపు అయితే ఏడాది ప్రయత్నించాక, దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి గతి తప్పితే అంత ఆగకూడదు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టాల్సింది నెల తప్పాక కాదు, ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందు, రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులు ఇంకా డాక్టర్ దగ్గరికే వెళ్లి ఉండరు.