ఆగిపోకమునుపే మార్చవలసిన మీటరు

బల్బు కాలిపోయినచో గది చీకటియగును. పంకా చెడినచో చెమటలు పోయును. విద్యుత్ మీటరు చెడినచో మాత్రము ఇంటిలో ఏ మార్పును కానరాదు. దీపము వెలుగుచునే యుండును, రేడియో పాడుచునే యుండును. బిల్లు చీటీ చేతికి వచ్చిన నాడు గదా సంగతి తెలియుట!

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో చేసిన నిబంధనల ప్రకారము క్రొత్తగా పెట్టు మీటర్లు ఎలక్ట్రానిక్ రకమువే కావలెను. అయినను ఏలూరు పాత యిండ్ల వరండాలలోను, తాడేపల్లిగూడెము దుకాణముల వెనుక గోడలపైనను, కొల్లేటి లంకలలోను పాత చక్రపు మీటరు అచ్చటచ్చట తారసపడవచ్చును.

దాని లోపల పలుచని అల్యూమినియము పళ్లెమొకటి ఇరుసుపై తిరుగును. రెండు తీగచుట్టలు, ఒకటి వోల్టేజివలనను ఒకటి కరెంటువలనను, ఆ పళ్లెమును త్రోయుచుండగా, ఒక అయస్కాంతము దానిని నిలద్రొక్కుచుండును. హంగేరీ ఇంజనీరు ఓటో బ్లాతీ 1889లో రూపొందించిన ఈ పద్ధతి శతాబ్దమునకు పైగా లోకమంతటను నడచినది. త్రోపుడును, నిలద్రొక్కుటయు తూకమున నున్నంతవరకే లెక్క సరి. ఇరుసు అరిగి దుమ్ము చేరినచో పళ్లెము మందగించును. పిడుగుపాటువలననో, వయస్సువలననో అయస్కాంతము బలము తగ్గినచో పళ్లెము వడిగా తిరుగును. "ముసలి మీటరు మెల్లగా తిరుగును, మనకది లాభమే" యను మాట అందుచేత సగమే నిజము. మెల్లగా తిరుగునదియు ఒకనాడు ఆగును. అప్పుడు గడచిన నెలల వాడకపు సగటును బట్టి బిల్లు వేయుదురు. వైశాఖములో పెండ్లి చేసిన యింట, ఆ దీపాల పందిరి కూడ సగటులో చేరునని ఎవరు తలంతురు?

కొల్లేటి ప్రాంతమున మరియొక చిక్కు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీరు వచ్చి చేరి ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవు ఈ సరస్సు చుట్టును గాలిలో చెమ్మ ఎక్కువ. మీటరు క్రిందనున్న మరలు తుప్పుపట్టును, ఇత్తడికి చిలుమెక్కును. వదులైన అతుకు వేడెక్కి తీగపై తొడుగు మాడును. ఎలక్ట్రానిక్ మీటరునకును చెమ్మ శత్రువే; అంకెల పలక మసకబారును. మాడిన వాసన వచ్చినను, 2024 సెప్టెంబరులో వలె వరదనీరు ఊళ్లలోనికి వచ్చి మీటరును తాకినను, దానిని ముట్టక లైన్‌మన్‌ను పిలువవలెను.

మీటరును ఇంటివద్దనే కొంత పరీక్షింపవచ్చును. ముందు మెయిను ఆపివేయుడు. అప్పుడును పళ్లెము పూర్తి చుట్టు తిరిగినచో, లేక ఎఱ్ఱదీపము పలుమార్లు మెరసినచో, దోషము మీటరులో నున్నదనుకొనవచ్చును. పిదప మెయిను వేసి, వేయి వాట్ల నీళ్లరాడ్డును బకెట్టు నీటిలో నుంచి, అదొక్కటే మూడు నిమిషములు నడపుడు. ఆ నీటిని తాకరాదు. ఇస్త్రీపెట్టె ఇందుకు పనికిరాదు, అది నడుమ నడుమ తనంతట తానే ఆగును. పలకపై యూనిట్టుకు 1200 చుట్లని యున్నచో 60 చుట్లు రావలెను. 3200 మెరుపులని యున్నచో 160 రావలెను.

తగ్గెనని వెంటనే మీటరును నిందింపరాదు. 230 వోల్టులకు చేసిన రాడ్డు 200 వోల్టులవద్ద సుమారు 756 వాట్లే తీసికొనును. కావున లైను చివరనున్న లంక గ్రామమున 45 చుట్లో, 121 మెరుపులో వచ్చినను మీటరు నిర్దోషియే కావచ్చును.

క్రొత్త మీటరు పెట్టిన పిమ్మట బిల్లు పెరిగినదని కొందరు వాపోవుదురు. అరిగిన ఇరుసును కదపలేని చిన్న దీపపు కరెంటును సైతము క్రొత్తది లెక్కించును. అదిగాక, అద్దె భాగములున్న పాత యిండ్లలో ఒకరి న్యూట్రలు తీగ మరియొకరి దానితో కలిసియుండుట కద్దు. మీటరుపై ఎర్తు దీపము వెలుగుచున్నచో మొదట పిలువవలసినది వైరింగు మేస్త్రీని.

అనుమానము కలిగినచో సీలు జోలికి పోరాదు. ఈ రెండు పట్టణములకును విద్యుత్తు పంచు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరున చెప్పి, సర్వీసు నంబరుతో అర్జీ వ్రాసియిచ్చి రసీదు తీసికొనవలెను. 2003 విద్యుత్ చట్టము 55వ సెక్షను ప్రకారము సరియైన మీటరు ద్వారానే సరఫరా జరుగవలెను. వినియోగదారుల మీటర్లను అయిదేండ్లకొకసారియైనను పరీక్షింపవలెనని 2006 నిబంధనలు చెప్పుచున్నవి. అడుగుట మన హక్కు. మార్చు దినమున పాత మీటరు తుది అంకెను, క్రొత్తదాని మొదటి అంకెను, రెంటి నంబర్లను వ్రాసికొని, వచ్చినవారి సంతకము పుచ్చుకొని, ఆ కాగితమును బిల్లుల కట్టలో భద్రపరుపుడు.