సంతకం ఎవరిదో వెతకండి

ఏలూరు దగ్గర పెదవేగి చుట్టుపక్కల హైస్కూళ్లలో చాలా ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రం పూట పిల్లలు ఇంటికి వస్తుంటారు. డిగ్రీ చదివేవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుకుంటూ మధ్యలో కథో వ్యాసమో రాసుకునేవాళ్లు. ఎక్కువమంది అడిగేది ఒకటే: “టీచర్ గారూ, నలుగురికీ పనికొచ్చేది రాయాలనుందండి. దేని మీద రాయమంటారు?”

వాళ్లు తెచ్చే కాగితాల మీద ‘రైతు కష్టాలు’, ‘పర్యావరణం’, ‘మద్యం మహమ్మారి’ లాంటి పేర్లుంటాయి. అన్నీ రాయాల్సినవే. కానీ చదివాక ‘అయ్యో పాపం’ అనుకోవడం మినహా మనం చేసేదేమీ కనిపించదు. కష్టాన్ని ఎండలాగా వానలాగా వర్ణిస్తే, జనం కూడా దాన్ని ఎండావానల్లాగే ఓర్చుకుంటారు. మనిషి తీసుకున్న నిర్ణయం వల్ల వచ్చిన కష్టం వేరు. ఆ నిర్ణయం మారితే అదీ మారుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి బిడ్డకూ ఇదే చెబుతాను: ఆ కష్టం వెనక ఉన్న సంతకం ఎవరిదో వెతుకు. అది కనిపించిందంటే నీకు రాయడానికి విషయం దొరికినట్టే.

‘రైతే రాజు’ అని రాసిన అమ్మాయి

ఓ అమ్మాయి రైతు గొప్పతనం మీద చక్కటి భాషలో వ్యాసం రాసుకొచ్చింది. చదివి అడిగాను.

“మీ నాన్నగారు చేసే పొలం ఎవరిదమ్మా?”

“కౌలుదండి.”

“పంట రుణం ఇచ్చారా?”

“లేదండి. కార్డు లేదు.”

“ఎందుకు లేదు?”

“ఆసామి సంతకం పెట్టనన్నారండి.”

ఆమె వ్యాసం ఆ చివరి మాట దగ్గర మొదలవ్వాలి. 2011లో వచ్చిన చట్టం ప్రకారం కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. దానికి భూయజమాని ఒప్పుకోలు పత్రం అక్కర్లేకపోయేది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం యజమానితో రాతపూర్వక ఒప్పందం ఉండాలంది. పదకొండు నెలలకు ఇచ్చే ఆ పత్రం వల్ల భూమి మీద ఎలాంటి హక్కూ రాదని చట్టమే చెబుతోంది. అయినా సంతకం పెడితే పొలం చేజారిపోతుందేమోనని చాలామంది ఆసాములకు భయం.

ఇలా రాస్తే చదివిన ప్రతి ఒక్కరికీ ఓ పని కనిపిస్తుంది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఆసామి తన భయం ఎంతవరకు నిజమో ఆలోచిస్తాడు. కౌలు రైతు తనకు ఏ పత్రం కావాలో తెలుసుకుంటాడు. చట్టాలు చేసేవాళ్లను ఏం మార్చమని అడగాలో ఊరికి తెలుస్తుంది. ‘రైతే రాజు’ అన్న మాట ఈ ముగ్గురిలో ఎవరినీ కదిలించలేదు.

లెక్క వెనక పసిపిల్లలు

మన పెద్దలు చేసిందీ ఇదే. గురజాడ ‘కన్యాశుల్కం’ చూసి కడుపుబ్బా నవ్వుతాం. దాని వెనక ఓ భయంకరమైన లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా రాయించారు. తేలినవి 1034. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు. ముగ్గురికి ఏడాది. 1897లో అచ్చైన నాటకం ముందుమాటలో గురజాడ ఈ అంకెలన్నీ ఇచ్చారు. ఆచారమనే పెద్ద మాట పక్కనపెట్టి, దాని లోపల నడిచే బేరాన్ని ఆయన పట్టుకున్నారు. కూతుర్ని ముసలివాడికి కట్టబెట్టాలని చూసే తండ్రిని పేరుపెట్టి వేదిక మీద నిలబెట్టారు. చూసేవాళ్లలో అలాంటి తండ్రులూ ఉంటారని ఆయనకు తెలుసు.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి ఇంకా దగ్గరిది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమ వాచకాల్లో సారా వల్ల చెడిన సంసారం గురించి, ఆడవాళ్లు ఏకమైతే ఏమవుతుందనే దాని గురించి పాఠాలు పెట్టారు. రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఆ పాఠంలో తమ ఇంటినే చూసుకున్నారు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు. కొట్టు ఊళ్లోకి వచ్చేది సర్కారు వేలంపాట వల్లేనని గుర్తించి జిల్లా అంతటా ఆడవాళ్లు ఆ పాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే అది సడలిందన్నదీ నిజమే. కాబట్టి ఒక విషయాన్ని పట్టుకున్నవాళ్లు ఒక్క వ్యాసంతో వదలకూడదు.

మన వాకిట్లో విషయాలు

కొల్లేరు సరస్సు మీద రాయమంటే పిల్లలు ఆటపాక పెలికాన్‌లతో మొదలుపెడతారు. నేను 1999 నాటి 120వ నంబరు జీవో చదివి రమ్మంటాను. సరస్సులో ఎత్తును చూపే ఐదో కాంటూరు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసింది ఆ కాగితమే. అందులోని చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పగలగొట్టింది. అంతకుముందు, 1970లలో, పేదలకు సొసైటీలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది కూడా ప్రభుత్వమే. తర్వాత వాటిలో చాలా చెరువులు డబ్బున్నవాళ్ల చేతుల్లోకి లీజుకు పోయాయి. సొసైటీ పుస్తకంలో పేరెవరిది, పట్టుబడి డబ్బెవరికి? ఈ ప్రశ్న అడిగితే పక్షికీ మత్స్యకారుడికీ మధ్య తగవులా కనిపించే కథలో మూడో మనిషి బయటికొస్తాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు దేశమంతా చూసింది. అక్కడ కెమెరాలు సర్దుకున్నాక ఆ నీళ్లు కొల్లేటి లంకల్లోకి వచ్చాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి ఎందుకు ఇరుకైంది, పూడిక తీయాల్సిన బాధ్యత ఎవరిది? ఏలూరులో 2020 డిసెంబరులో వందలమంది మూర్ఛతో పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల అవశేషాలన్నారు. జనం కోలుకోగానే వార్త ఆగిపోయింది. మనం తాగే నీటిని, తినే కూరగాయల్ని ఇప్పుడు ఎవరు పరీక్షిస్తున్నారు, ఫలితం ఎక్కడ అతికిస్తున్నారు? పెదవేగి పామాయిల్ రైతుకి గెలల ధర నూనె శాతాన్ని బట్టి వస్తుంది. ఆ శాతం తేల్చేదెవరు? తెలంగాణలోని అశ్వారావుపేటలో ఇచ్చే ధరకూ ఇక్కడి ధరకూ తేడా వస్తే ఎవర్ని అడగాలి?

వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా ఓ ఏడాది పని ఉంది. కష్టపడుతున్న మనిషితో కూర్చుని మాట్లాడండి. కాగితం చూడండి, అర్థం కాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సంతకం పెట్టినవాళ్ల మాట కూడా వినండి. వాళ్లకూ ఓ కారణం ఉంటుంది, దాన్ని న్యాయంగా రాయాలి.

రాశాక పత్రికకు పంపే ముందు ఊళ్లో గ్రామసభలో చదివి వినిపించండి. ఎవరి గురించి రాశారో వాళ్లు లేచి “ఇది మా సంగతే, కానీ ఇక్కడ తప్పు రాశావు” అంటే దిద్దుకోండి. వాళ్లలో ఒక్కరైనా “అయితే రేపు ఎవర్ని అడుగుదాం?” అంటే మీరు ఎంచుకున్న విషయం సరైనదే.