కట్టు బిగువే క్షేమానికి మెట్టు

భిలాయి అనగానే 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ గారు ప్రారంభించిన తొలి బ్లాస్ట్ ఫర్నేసు, దేశమంతటా పరచుకొన్న రైలు పట్టాలు మన మనస్సులో మెదలుతాయి. అయితే గేటు దాటిన ఉక్కు అంతా రైలు వ్యాగన్లలోనే పోదు. పలకలు, తీగచుట్టలు, కడ్డీలు ట్రైలర్లపై కూడా తరలిపోతాయి. దుర్గ్, ఉతై పరిసరాల రోడ్లపై అటువంటి ట్రైలరు వెనుకనే బడిపిల్లల సైకిళ్ళు, షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే మన ఉద్యోగుల వాహనాలు సాగుతుంటాయి. కనుక లోడు మీది బెల్టు విషయం డ్రైవరు, క్లీనర్లకు మాత్రమే సంబంధించినది కాదు. మన కుటుంబాలన్నిటికీ సంబంధించినది.

బరువే కాపాడుతుందా?

"పది టన్నుల పలకలు ఎక్కడికి కదులుతాయి?" అన్న మాట మేము తరచుగా వింటుంటాము. బరువు పెరిగితే ఘర్షణ పెరిగే మాట నిజమే. కాని బ్రేకు వేసినపుడు ముందుకు తోసే బలం కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 12195 ప్రకారం కట్టు ముందువైపుకు బరువులో 0.8 వంతు, పక్కలకు, వెనుకకు 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. అనగా 10 టన్నుల లోడును ముందుకు జారకుండా ఆపుటకు 8 టన్నుల నిరోధం కావాలి. చెక్క దిమ్మలపై ఘర్షణ గుణకం 0.3 అనుకొంటే ఘర్షణ నుండి లభించేది 3 టన్నులే. మిగిలిన 5 టన్నులు ఎక్కడి నుండి రావాలి?

బెల్టు చీటీ చెప్పే నిజం

బెల్టు చీటీ మీద 5 టన్నులని చూచి, ఒక్క బెల్టుతో పని తీరినదని భావించడం పొరపాటు. అది బెల్టు ఓర్చుకోగల బలమే గాని లోడును అదిమిపట్టే బలం కాదు. చేతితో రాట్చెట్టు బిగించినపుడు సాధారణంగా వచ్చే బిగువు 300 నుండి 500 కిలోలు. 400 కిలోల బిగువు గల బెల్టును లోడు మీదుగా వేస్తే, రెండు పక్కలా నిట్టనిలువుగా దిగినా, అదుము 800 కిలోలు. దాని వలన పెరిగే ఘర్షణ 240 కిలోలే. ఈ లెక్కన 5 టన్నుల లోటు పూడ్చుటకు 21 బెల్టులు కావాలి! అడుగున 0.6 గుణకం గల రబ్బరు షీటు పరచినచో లోటు 2 టన్నులకు తగ్గి, 5 బెల్టులు సరిపోతాయి. వాస్తవంలో మూలల వద్ద బిగువు కొంత నష్టమగును గనుక ఇంకా ఎక్కువే వేయాలి. బెల్టు నేలబారుగా 30 డిగ్రీల కోణంలో దిగితే అదుము సగమైపోతుంది. అందువలన లోడును ముందు గోడకు ఆనించడం, తీగచుట్టలకు దిమ్మలతో అడ్డుకట్ట వేయడం, రబ్బరు షీటు పరచడం తొలి కర్తవ్యాలు. బెల్టు తరువాతి మాట.

పాటించవలసినవి

పలక అంచు కత్తితో సమానం. బెల్టు వంగే ప్రతి మూల వద్ద రక్షక కవచం ఉంచాలి. అంచు వద్ద వెడల్పులో పదవ వంతుకు మించి తెగిన బెల్టును వెంటనే తొలగించాలి. తెగినచోట ముడి వేసి వాడరాదు. ముడి బలాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. పాలియెస్టరు బెల్టు 120 డిగ్రీల సెల్సియస్ వరకే పనికివస్తుంది. వేడి చల్లారని సరుకుకు గొలుసే శరణ్యం. రాట్చెట్టు ఇరుసుపై బెల్టు కనీసం ఒకటిన్నర చుట్లు ఉండాలి, మూడు చుట్లకు మించరాదు. పిడికి గొట్టం తొడిగి బలవంతంగా బిగించడం అనర్థదాయకం.

కుదుపులకు లోడు సర్దుకొని బెల్టు వదులవుతుంది. కాబట్టి బయలుదేరిన కొద్ది దూరంలోనే ఆగి తిరిగి బిగించాలి. విప్పేటపుడు లోడు ఒరిగి ఉన్నదేమో ముందుగా చూడాలి. అది దొర్లి పడగల వైపున ఎవ్వరూ నిలువరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిని 2014లో సవరించి, కడ్డీల వంటివి వాహనం వెలుపలికి పొడుచుకు వచ్చేటట్లు లోడు చేయడాన్ని నిషేధించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఒక బెల్టు అదనంగా వేయుటకు పట్టే కాలం కొన్ని నిమిషాలు. తొందర పెట్టే అధికారి గాని, లోడు త్వరగా కదలాలనుకొనే గుత్తేదారు గాని ఆ నిమిషాలను డ్రైవరు నుండి లాగుకొనరాదు. కట్టు సరిగా లేదని ట్రైలరును ఆపిన కార్మికుని మందలించక, అభినందించడం మనందరి విధి.