నీటి పొదుపుకు నాలుగు రూపాయలు

వాడుకున్న కరెంటుకు బిల్లు వేయడం మామూలే. పంజాబ్ ప్రభుత్వం 2018లో వాడని కరెంటుకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. 'పానీ బచావో, పైసా కమావో' పథకం కింద బోరు మోటారుకు మీటరు పెట్టించుకున్న రైతు, తన కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 4 రూపాయలు ఖాతాలో వేసింది. కోటా దాటినా బిల్లు లేదు.

ఏటా భూమిలో ఇంకే నీటికి ఒకటిన్నర రెట్లకు పైగా తోడేస్తున్న రాష్ట్రమది. జూన్ 10కి ముందు వరి నాట్లు వేయరాదని 2009లోనే చట్టం చేశారు. నీటి ఆవిరి తగ్గింది. కానీ కోతలు ఆలస్యమై, గోధుమ విత్తే తొందరలో కొయ్యకాళ్లు తగలబెట్టడం పెరిగింది.

నీరు నిజంగా మిగలాలంటే వరి విస్తీర్ణమే తగ్గాలి. చిక్కల్లా మార్కెట్లో ఉంది. 2020-21లో క్వింటాల్ ధాన్యానికి మద్దతు ధర 1,868 రూపాయలు, మొక్కజొన్నకు 1,850. కాగితం మీద తేడా 18 రూపాయలే. అయితే సర్కారు భారీగా కొనేది ధాన్యాన్నే. మొక్కజొన్నకు చాలావరకు వ్యాపారి చెప్పిందే ధర. ఇక యూనిట్‌కు నాలుగు రూపాయల కోసం వరిని వదులుకునేదెవరు?

ఉచిత కరెంటు, ధాన్యం కొనుగోళ్లు రెండూ ఉన్న తెలంగాణకూ ఇది పరాయి ప్రశ్న కాదు. వరి మానమనే ముందు, మరో పంటను కొంటామన్న భరోసా ఇవ్వాలి.