తూచి వండుట, వ్రాసికొనుట

గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అను కొలతలతో తరతరములుగ సంసారము నడిపిన తెలుగు ఇల్లాండ్రకు కొలుచుట క్రొత్త విద్య కాదు. ఇంటిల్లిపాదికి పూటకెన్ని సోలల బియ్యము పోయవలెనో, చుట్టములు దిగిన దినమున ఎన్ని తవ్వలు పెంచవలెనో వారికి కంఠస్థము. అయితే ఆ కొలతలన్నియు పాత్రలో పట్టు ధాన్యమును చెప్పునవే గాని బరువును చెప్పునవి కావు. బరువు అంగడి సొత్తు. 40 పలముల వీశెయు, 8 వీశెల మణుగును కోమటి త్రాసులోనే ఉండెడివి. 1956లో తూనికలు, కొలతల శాసనము వెలువడి, 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగ మెట్రిక్ పద్ధతి అమలులోనికి వచ్చిన పిమ్మట వీశె పోయి కిలో వచ్చినది. కాని ఆ మార్పు కూడ అంగడి గడపవద్దనే ఆగిపోయినది. వంటయింట మాత్రము పసుపు చిటికెడు, ఉప్పు తగినంత, నూనె పోపునకు సరిపడ అను చేతికొలతయే నిలిచినది.

ఆ చేతికొలతను చులకన చేయుట నా ఉద్దేశము కాదు. ఊరి నీటిని, పప్పు ప్రాతదో క్రొత్తదో అను సంగతిని, తినువారి నోటిని ఎరిగిన చేయి కూరలో వేయవలసిన ఉప్పును నిర్ణయించినంత చక్కగ ఏ యంత్రమును నిర్ణయింపజాలదు. కాని భోజనమునకు రుచి ఒక ముఖమైనచో పోషణ వేరొక ముఖము; ఈ రెండవదానిని నాలుక చెప్పలేదు, కన్ను అంతకంటెను చెప్పలేదు.

ఈ రెండవ ముఖమును మన దేశమున శ్రద్ధగ పరిశీలించినవారు నీలగిరులలోని కూనూరు ప్రయోగశాలవారు. మెకారిసన్ నెలకొల్పిన ఆ పరిశోధనాలయమునుండి, ఆయన తరువాత వచ్చిన ఎయిక్రాయిడ్ 1937లో భారతీయాహార పదార్థముల పోషక విలువలను పట్టికలుగ ప్రకటించినాడు. ఆ కాలమున ఉత్తర సర్కారులలో, అనగా మన కోస్తా తెలుగు జిల్లాలలో, మరపట్టిన పచ్చిబియ్యము తిను జనులను బెరిబెరి వ్యాధి పీడించుచుండుటయు ఆ పరిశోధకుల దృష్టిని ఇటు మరల్చినది. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను నామము ధరించి, నేటికిని తార్నాకలో ఉన్నది. 2017లో అచ్చటినుండి వెలువడిన పట్టికలలో 528 ఆహార పదార్థముల వివరము కలదు. అందలి అంకెలన్నియు తినదగిన భాగము 100 గ్రాములకు చెప్పబడినవి. కావున అరటికాయను తొక్క తీసిన పిదప, తోటకూరను కాడలు ఏరిన పిదప తూచవలెను. ఎన్ని పట్టికలు చేతనున్నను, మన గిన్నెలో పడినది ఎన్ని గ్రాములో ఎరుగనంతవరకు అవి మనకు అక్కరకు రావు.

1972లో నెలకొల్పబడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగము వారు గ్రామములలో ఇంటింటికిని తిరిగి ఆహారపుటలవాట్లను పరిశీలించుటకు అవలంబించిన మార్గములలో తూనికపద్ధతి ఒకటి. పొయ్యి రాజకముందే ఆ యింటికి పోయి, వండబోవు బియ్యమును, పప్పును, కూరలను పచ్చిగ తూచి వ్రాసికొనుట అందలి ప్రధాన విధి. పచ్చిగనే ఏల తూచవలెనన్న, వండిన పదార్థపు బరువులో నీటి పాలు ఎంతయో నిలకడ లేదు. 150 గ్రాముల బియ్యము ఒకయింట 375 గ్రాముల పొడియన్నమగును, మరియొకయింట 450 గ్రాముల మెత్తని అన్నమగును. బరువు పెరిగినది గాని బలము పెరుగలేదు.

ఇంటిలో ఈ పని చేయదలచినవారికి 1 గ్రాము వరకు చూపు ఎలక్ట్రానిక్ కాటా చాలును. దానిపై ఖాళీ గిన్నెనుంచి టేర్ అను మీట నొక్కినచో అంకె సున్నకు దిగును. పిదప వేసిన వస్తువు బరువు మాత్రమే కనబడును. వంటపాత్రల ఖాళీ బరువులను ఒకసారి తూచి, ఈ లెక్కలు వ్రాసికొను పుస్తకము మొదటి పుటలో వ్రాసియుంచుకొనుట మంచిది. తోటకూర పప్పునే తీసికొందము. కందిపప్పు 150 గ్రాములు, ఏరిన కూర 200 గ్రాములు, పోపునకు నూనె 20 గ్రాములు పడినవనుకొనుడు. పప్పునుండి సుమారు 500, కూరనుండి 70, నూనెనుండి 180, వెరసి 750 కిలోకేలరీలు. ఉడికిన పిదప పాత్ర బరువు తీసివేయగ పప్పు 1000 గ్రాములు తూగినచో, 200 గ్రాములు తిన్నవానికి ఐదవ వంతు, అనగా 150 కిలోకేలరీలును, కందిపప్పు ఒక్కదానినుండియే 6 గ్రాములకు మించిన మాంసకృత్తులును చేరినవి. కాగుచున్న పాత్రను మాత్రము కాటాపై నేరుగ దింపరాదు. క్రింద ఒక చెక్కపలక వేసి, దానితోనే సున్న చేసికొని తూచవలెను.

ఈ లెక్కలో నన్ను అన్నిటికంటె ఆలోచింపజేయునది నూనె. పిండిపదార్థమునకును మాంసకృత్తులకును గ్రామునకు 4 కిలోకేలరీలైనచో, క్రొవ్వునకు 9. పైగా నూనె కూరలో కలిసి కంటికి కనబడక పోవును. 15 మిల్లీలీటర్ల గరిటెడు నూనె దాదాపు 14 గ్రాములు, అనగా 120 కిలోకేలరీలకు పైమాట. పూటపూటకు తూచు ఓపిక లేనివారు నెలకు ఎంత కొన్నారో చూచికొన్నను చాలును: నలుగురున్న యింట నెలకు 4 లీటర్లు ఖర్చైనచో తలకు దినమునకు ఇంచుమించు 30 గ్రాములు, 270 కిలోకేలరీలు. అప్పడములు, గారెలు వేయించిన దినమున మూకుడులోని నూనెను ముందును వెనుకను తూచి, తగ్గినదానినే లెక్కలో చేర్చవలెను.

అందరును అన్నిటిని ఎల్లకాలము తూచవలెనని నేననను. ఇన్సులిన్ తీసికొను మధుమేహరోగి పిండిపదార్థమును, మూత్రపిండముల వ్యాధిగలవాడు మాంసకృత్తులను లెక్కించుట చికిత్సలో భాగము. మందులకు లొంగని మూర్ఛకు కీటోజెనిక్ ఆహారము తిను పిల్లల విషయమున వైద్యుల పర్యవేక్షణలో గ్రాములు లెక్కపెట్టియే వడ్డింతురు. తక్కినవారికి కొన్ని వారముల అభ్యాసముతో కంటికి అంచనా అలవడును. అంకె చూడనిదే ముద్ద దిగనివారు, ఒక పూట లెక్క తప్పినంతనే మరుపూట పస్తుండువారు ఆ కాటాను వెంటనే ప్రక్కనపెట్టి వైద్యునితో మాటలాడవలెను. ఎదుగు ఆడపిల్లల విషయమున తల్లిదండ్రులు దీనిని తేలికగ తీసికొనరాదు.

ఇక ఈ లెక్కల పుస్తకము వ్రాయువారు తరచుగ విడిచిపెట్టు గడి ఒకటి కలదు. గిన్నెలోని మొత్తమును తలలతో భాగించినచో ప్రతివారికిని సమానముగ అందినట్లే కాగితము చెప్పును. పంక్తిలో అట్లు జరుగదు. పురుషులకును పిల్లలకును వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలికి అన్నము మిగులును గాని పప్పు అడుగంటును, కూర తరుగును, పెరుగు చెంబు ఖాళీయగును. పిల్లలు విడిచిన ముద్దలు కొన్ని ఆమె తినును. అవియు ఎచ్చటను వ్రాయబడవు. కుటుంబపు సగటును మాత్రమే కాక ప్రతి వ్యక్తి తిన్నదానిని వేరువేరుగ అడిగి వ్రాయు పద్ధతి పోషకాహార పరిశీలనలలో ఉన్నది ఇందులకే. ఇంటి పుస్తకములో కూడ వండిన ఆమె పేరున ప్రత్యేకముగ ఒక గడి ఉండవలెను; వడ్డన మొదలుకాకముందే ఆమె పాలు పప్పును, కూరను, పెరుగును గిన్నెలలోనికి తీసి, తూచి, మూతపెట్టి, ఆ గడిని అన్నిటికంటె ముందు నింపవలెను.